పేరు పిలవని పేట

అనగనగా ఒక ఏరు. ఆ ఏటి ఒడ్డున ఒక ఊరు. ఒక వానాకాలం ఆ ఏరు తన ఒడ్డును తానే కోసుకుంటూ వచ్చి, ఊరిని ఇల్లిల్లుగా మింగేసింది.

ఆ ఊళ్ళో ఇద్దరు కంచరి అన్నదమ్ములు ఉండేవారు. అన్న సోమలింగం, తమ్ముడు గవరయ్య. కంచు కరిగించి గంటలూ చెంబులూ పోత పోసేవారు. గవరయ్య భార్య సీతాలుకు అప్పుడు ఏడో నెల. సోమలింగం భార్య అంతకు ముందు ఏడాది జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు ఎదురుపడ్డా ఆగి, అతని క్షేమం అడిగేవారు. అడిగిన ప్రతిసారీ అతని గొంతులో ముల్లు దిగినట్టుండేది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

కొలిమి కూడా ఏట్లో కలిసిపోయాక, ముగ్గురూ సుత్తులూ పట్టకార్లూ మూట గట్టుకుని వైజయంతీపురానికి బయలుదేరారు. అది పద్దెనిమిది పేటల మహానగరం. ఒక కొస నుంచి ఇంకో కొసకు నడవాలంటే పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పట్టేది.

కోట గుమ్మం దగ్గర ఉన్న అధికారి వాళ్ళను ఆపాడు.

"కొత్తవాళ్ళు సత్రంలో మూడు రోజులే ఉండాలి. ఆలోగా ఒక పేటలో ఇల్లు చూసుకోవాలి. లేదంటే వచ్చిన దారినే పోవాలి. ఇది రాజుగారి కట్టడి. ఇప్పుడు మూడు పేటల్లోనే ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. తెల్లపేట, నవ్వులపేట, ఉప్పుబావిపేట."

"వాటిలో ఏది మంచిది దొరా?" అని అడిగాడు గవరయ్య.

"నా కొలువు గుమ్మం దగ్గర. లోపలి సంగతి లోపలివాళ్ళనే అడుగు," అన్నాడు అధికారి.

తిరిగి పోవడానికి వాళ్ళకు ఊరు లేదు. సీతాలు కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"ఇల్లు ఎలాంటిదో మన కళ్ళకే తెలుస్తుంది. పేట ఎలాంటిదో అక్కడి మనుషులు చెప్పాలి. ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట అడుగుదాం. ఆ ఇంట్లో మనకు ముందు ఎవరున్నారు, వాళ్ళేమయ్యారు అని," అంది.

మొదటి రోజు తెల్లపేటకు వెళ్ళారు.

వీధి వీధంతా సున్నం కొట్టిన ఇళ్ళు. దుమ్ము లేదు, చెత్త లేదు. కుక్క మొరగదు. గోడ మీద కాకి వాలదు. ఖాళీ ఇల్లు చూస్తే నాలుగు గదులు, పెరట్లో మంచినీళ్ళ బావి, కొలిమి పెట్టుకోవడానికి విడిగా పాక. గవరయ్య గోడ తడిమి చూసి, "ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు.

సీతాలు గడప చూసింది. నడిచి నడిచి నడిమధ్య అరిగిపోయి ఉంది. రోలు చూసింది. రుబ్బి రుబ్బి గుంట లోతుకు దిగి ఉంది. తలుపు పక్కన ద్వారబంధం మీద బొగ్గుతో గీసిన అడ్డగీతలు కనబడ్డాయి. ఎవరో తమ పిల్ల ఎంత ఎదిగిందో ఏటేటా కొలిచి గీసినవి. ఏడు గీతలు ఉన్నాయి. ఎనిమిదోది లేదు.

పక్కింటి ముందు ఒక ఆడమనిషి వాకిలి ఊడుస్తోంది.

"అమ్మా, ఈ ఇంట్లో ఇంతకు ముందు ఎవరుండేవారు?" అని అడిగింది సీతాలు.

"ఎవరూ లేరు."

ఎదురింటి ముసలాయన్ను అడిగింది. ఆయన కూడా అదే గొంతుతో, "ఎవరూ లేరు," అన్నాడు.

"మరి ఈ గీతలు ఎవరివి?"

ముసలాయన ఆ గీతలకేసి చూశాడు. ఖాళీ గోడను చూసినట్టు చూశాడు. "ఎవరూ లేరు," అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

సీతాలు మళ్ళీ ఊడ్చే ఆమె దగ్గరికి వెళ్ళింది. "పోనీ, నీ పేరేమిటమ్మా?"

చీపురు ఆగింది. ఆమె నోరు తెరిచింది. చాలాసేపు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. తర్వాత, "ఇక్కడ ఒకరినొకరు పిలుచుకోం. అవసరం పడదు," అని మళ్ళీ ఊడవసాగింది. ఊడ్చిన చోటే ఊడుస్తోంది. అక్కడ దుమ్ము ఎప్పుడో పోయింది. రాయి కూడా అరిగి పల్లం పడింది.

సోమలింగం పాకలోంచి తమ్ముణ్ణి పిలవబోయాడు. "ఒరే..." అని ఆగాడు. నుదురు రుద్దుకున్నాడు. తాను ఎత్తుకుని పెంచిన తమ్ముడి పేరు అతని నోటికి రాలేదు.

"చూశావా అమ్మాయ్, వీడి పేరు తట్టలేదు," అని సీతాలుతో అని, చిన్నగా నవ్వాడు. ఏడాది తర్వాత అతను నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి సీతాలు ఇద్దరినీ తొందరపెట్టి బయటికి నడిపించింది. పేట దాటి పెద్దవీధిలోకి వచ్చాక గాని ఆ పేరు అతనికి గుర్తు రాలేదు.

రెండో రోజు నవ్వులపేటకు వెళ్ళారు.

అక్కడ జనం ఎదురొచ్చారు. "రా సీతాలూ, రా," అన్నారు. ఆమె పేరు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఖాళీ ఇంట్లో అప్పటికే ఉయ్యాల కట్టి ఉంది. అందులో పసిగుడ్డలు మడత పెట్టి ఉన్నాయి.

"బిడ్డకు పేరు కూడా అనుకున్నాం," అంది ఒకామె నవ్వుతూ.

"ఈ ఇంట్లో మాకు ముందు ఎవరున్నారు?"

"ఎక్కడికీ పోలేదు," అంది ఒకామె. "ఇక్కడే ఉన్నారు," అంది ఇంకొకామె. "మాలో కలిసిపోయారు," అన్నాడు ఒక మగవాడు. ముగ్గురి గొంతూ ఒక్కటే. అందరూ ఒక్కసారే చెయ్యెత్తి, గుంపులో ఒక పడుచును చూపించారు. ఆమె కూడా నవ్వుతోంది. కళ్ళవెంట మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

"ఎందుకమ్మా ఈ ఇల్లు వదిలేశావు?" అని అడిగింది సీతాలు.

పడుచు పెదవులు కదిలాయి. మాట మాత్రం ఆమె పక్కన నిలబడ్డ మనిషి నోట్లోంచి వచ్చింది. "ఒంటరిగా ఉండటం దేనికని."

అందరూ ఫక్కున నవ్వారు. గవరయ్య కూడా నవ్వాడు. సీతాలు అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. రెండు వీధులు దాటినా అతని నవ్వు ఆగలేదు. ఆగాక, "నేనెందుకు నవ్వాను?" అని భయంగా అడిగాడు.

మూడో రోజు మిగిలింది ఉప్పుబావిపేట.

దూరం నుంచే నీలిమందు తొట్ల కంపు కొట్టింది. వంకర సందులు. గోడలకు పెచ్చులు ఊడిపోయి ఉన్నాయి. బట్టలారేసే తాడు కోసం ఇద్దరు ఆడవాళ్ళు పోట్లాడుకుంటున్నారు. ఖాళీగా ఉన్నది ఒంటిగది ఇల్లు. దాని పక్క అరుగు మీద పైడమ్మ అనే ముసలావిడ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సీతాలు అడగవలసింది అడిగింది.

"చిట్టెయ్య ఉండేవాడు. బుట్టలల్లేవాడు," అంది పైడమ్మ. "మనిషి మంచోడే గాని మాట కటువు. ఒకనాడు నాతోనూ ఈ సందంతటితోనూ తగువాడి తలుపేసుకున్నాడు. అలిగాడనుకున్నాం. మేమూ అలిగాం. అయిదో రోజు తలుపు పగలగొట్టి చూస్తే..."

ఆమె చేతులు చేటలో ఆగిపోయాయి.

"జ్వరమట తల్లీ. ముందే చూసి ఉంటే బతికేవాడని వైద్యుడన్నాడు. మాదే తప్పు. అది దాచి నీకు ఇల్లు అంటగట్టడం ఇంకో తప్పవుతుంది."

తాడు దగ్గర పోట్లాడుతున్న ఆమె ఇటు తిరిగి, "అయిదో రోజు కాదు, నాలుగో రోజు," అంది.

"నువ్వు చూశావా, నేను చూశానా?" అంది పైడమ్మ. మళ్ళీ సీతాలు వైపు తిరిగి, "బావినీళ్ళు ఉప్పన. మంచినీళ్ళకు చాలా దూరం పోవాలి. వానొస్తే సందులో మోకాటిలోతు నీళ్ళు. నా నోరు మంచిది కాదు. ఇంకోటుంది, అదీ చెప్పాలి. మధ్యాహ్నం వేళ..."

ఆ మాట పూర్తి కాకముందే, గొళ్ళెం వేసి ఉన్న ఆ ఖాళీ గదిలోంచి దగ్గు వినిపించింది. పొడిదగ్గు. మనిషి దగ్గే.

గవరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పైడమ్మ తల కూడా ఎత్తలేదు.

"చిట్టెయ్యా, కొత్తవాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చారు. కాసేపు ఊరుకో నాయనా," అంది.

దగ్గు ఆగిపోయింది.

ముగ్గురూ సత్రానికి తిరిగి వచ్చారు. తెల్లవారితే గడువు తీరిపోతుంది.

"దయ్యం ఉన్న ఇంట్లో నీకు పురుడు పోయించమంటావా?" అన్నాడు గవరయ్య.

"తెల్లపేటలో బతికున్నవాళ్ళకే పేర్లు లేవు. నవ్వులపేటలో ఎవరి గొంతు వాళ్ళది కాదు. ఈ పేటలో పోయినవాడికి కూడా పేరుంది. పిలిచేవాళ్ళున్నారు," అంది సీతాలు. "దాచుకునే వీలున్నా తమ తప్పు తామే చెప్పారు. నా బిడ్డను వాళ్ళ మధ్యే కంటాను."

గవరయ్య తల ఊపాడు. సోమలింగం మాత్రం తన సుత్తిని విడిగా మూట గట్టుకున్నాడు.

"మీరు అక్కడికి వెళ్ళండి. నేను తెల్లపేటకు పోతాను," అన్నాడు.

"ఎందుకన్నా?"

"అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు."

తమ్ముడు బతిమాలాడు. సీతాలు కన్నీళ్ళు పెట్టుకుంది. అతను వినలేదు. పెద్దవాడికి ఎదురు చెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. మర్నాడు నాలుగు వీధుల కూడలి దగ్గర విడిపోయారు.

గవరయ్య, సీతాలు చిట్టెయ్య ఇంట్లో కాపురం పెట్టి రెండు నెలలు గడిచాయి. ఒకనాడు ఉదయం గవరయ్య ఒక గంటను అప్పగించడానికి నగరం అవతలి కొసకు వెళ్ళాడు. అతను వెళ్ళాక కుండపోతగా వాన పట్టుకుంది. సందు నిండిపోయింది. సీతాలుకు నొప్పులు మొదలయ్యాయి. అరవడానికి ఊపిరి చాలలేదు.

మధ్యాహ్నమైనా ఆ ఇంటి కప్పు మీదుగా పొయ్యి పొగ లేవకపోవడం పైడమ్మ చూసింది. తాడు కోసం పోట్లాడిన ఇద్దరినీ వెంటేసుకుని మోకాటిలోతు నీళ్ళలో వచ్చింది. ముగ్గురూ కలిసి గడియ విరగ్గొట్టి లోపలికి దూరారు. కాన్పు కష్టమైంది. చీకటి పడే వేళకు ఆడపిల్ల పుట్టింది.

"ఇంకొంచెం ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదు," అంది పైడమ్మ చేతులు కడుక్కుంటూ.

బారసాలకు సోమలింగం వచ్చాడు. నున్నగా, ప్రశాంతంగా ఉన్నాడు. పిల్లను చూసి నవ్వాడు. వెళ్ళేటప్పుడు తమ్ముడికి చేతులు జోడించి, "వస్తానయ్యా," అన్నాడు, పరాయివాడితో అన్నట్టు. ఆ తర్వాత రాలేదు.

పిల్లకు పళ్ళు వచ్చే వేళకు, గవరయ్య ఉండబట్టలేక భార్యాబిడ్డలను తీసుకుని తెల్లపేటకు వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. వీధిలో నీడలు కూడా లేవు. సోమలింగం తన పాక ముందు కూర్చుని గంట తోముతున్నాడు. పాకలో వరసగా ఎన్నో గంటలు వేలాడుతున్నాయి. గాలికి ఊగుతున్నాయి. ఒక్కటీ మోగడం లేదు. దేనికీ నాలుక లేదు.

"అన్నా," అన్నాడు గవరయ్య.

సోమలింగం మర్యాదగా లేచాడు. "ఎవరు కావాలి?"

"నీ కోసమే వచ్చాం."

"ఇక్కడ ఎవరూ లేరు."

గవరయ్య అన్నను పేరు పెట్టి పిలవబోయాడు. నోరు తెరిచాడు. పేరు రాలేదు. తన పేరు తలచుకోబోయాడు. అదీ రాలేదు. గడప మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"బావగారూ," అంది సీతాలు.

"ఎవరికి బావగారు?" అని నిదానంగా అడిగాడు సోమలింగం. నిజంగా తెలియకే అడిగాడు.

సీతాలు ఎన్నడూ ఆయన పేరు పలికి ఎరగదు. తమ్ముడి భార్య బావగారి పేరు నోట పలకడం ఆ కాలంలో తప్పు. నాలుక మీద ఆడిన పేర్లన్నిటినీ ఆ పేట తుడిచేసింది. ఎన్నడూ నాలుక మీదికి రాని పేరును తుడవలేకపోయింది. అది ఆమె మనసులో భద్రంగా ఉంది.

పిల్లను గట్టిగా పట్టుకుని ఆమె పిలిచింది. "సోమలింగం."

అతని చేతిలో గుడ్డ ఆగింది.

"సోమలింగం," అని వీధి అంతా వినబడేలా పిలిచింది. అతని పెదవులు వణికాయి. ఆ కొస నుంచి ఈ కొస దాకా తలుపులు ఓరగా తెరుచుకున్నాయి.

"సోమలింగం, నీ భార్య పేరు చెప్పు."

అతని ముఖం నుంచి ఆ ప్రశాంతత కొంచెం కొంచెంగా దిగిపోయింది. దాని కింద ఏడాదిన్నర నాటి దుఃఖం అలాగే పచ్చిగా ఉంది.

"అచ్చమ్మ," అన్నాడు. "నా భార్య పేరు అచ్చమ్మ." అని, భార్య పోయిన రోజు కూడా ఏడవని మనిషి, వీధిలో నిలబడి పసివాడిలా ఏడ్చాడు.

ఆ ఏడుపు విని పక్కింటి ఆమె చీపురు కింద పెట్టింది. ఆమె పెదవులు కూడా ఏదో పేరు కోసం కదులుతున్నాయి. వీళ్ళు ఆగి అడగలేదు. ఆగే ధైర్యం లేక, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరుగులాంటి నడకతో పేట దాటారు.

సోమలింగం ఉప్పుబావిపేటలోనే ఉండిపోయాడు. అక్కడివాళ్ళు అతన్ని అన్నీ అడిగారు. ఎవరు, ఎక్కడివాడు, భార్య ఎలా పోయింది అని గుచ్చి గుచ్చి అడిగారు. చెప్పిన ప్రతిసారీ నొప్పి పుట్టింది. అయినా చెప్పాడు. చెప్పగా చెప్పగా, ఆ నొప్పిని మోయడం అతనికి అలవాటైంది.

గోడలు ఎంత తెల్లగా ఉన్నా సరే, మన పేరు అడిగి గుర్తుంచుకునే పొరుగు లేని చోట కాపురం పెట్టకూడదు.