సొరంగంలో గాదెల పడవ

వీరదాసు గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పిన రోజులు తక్కువ. అడిగినవాడికి ఆ పూట ఏం పనుందో కనుక్కుని, "పద, నేనూ వస్తాను" అని బయలుదేరేవారు. నల్లకొండ కింద కాలువ సొరంగం తవ్విననాడు రాళ్లు కొట్టిన చేతులు ఆయనవి. ఊరికే కూర్చుని తత్వం చెప్పడం ఆ చేతులకు పట్టేది కాదు.

ఒక ఉదయం పడవ నడిపే నూకరాజు వచ్చి ఆయన కాళ్లకు మొక్కాడు. అన్న పోయి ఏడాదైంది. వదినా, ముగ్గురు పిల్లలూ అతని మీద పడ్డారు. వాళ్లను వదిన పుట్టింటికి పంపేసి, తాను గురువు దగ్గరే ఉండిపోవాలని అతని కోరిక.

"బరువు దించుకుంటే గాని దారి దొరకదు కదండీ. రేపే పంపేయమంటారా?"

ఇలాంటి వైరాగ్యం చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. దించిన బరువు మాత్రం గాలిలో కలిసిపోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఆ పుట్టింట్లో చూపు లేని ముసలి తండ్రి తప్ప ఎవరూ లేరని నూకరాజుకు తెలుసు.

వీరదాసు గారు ఆ ఊసే ఎత్తలేదు. "ఇవాళ పడవలో ఏం వేశావు?" అన్నారు.

"గాదెలండి. కొండవతల కళ్లాల్లో వడ్లు రాశులు పోసి ఉన్నాయి. వాన పడేలోగా చేర్చాలి."

"పద, నేనూ వస్తాను."

అవి మనిషెత్తు వెదురు గాదెలు, మూడు. లోపల పేడమట్టితో అలికి ఆరబెట్టినవి. పడుకోబెడితే పూత పగులుతుంది కనుక నిలబెట్టే తీసుకుపోవాలి. ఎప్పుడూ పడవలో ముందూ వెనకా ఉప్పు బస్తాలు వేసుకునే నూకరాజు ఈసారి వాటిని గట్టు మీదే వదిలేశాడు. తేలిక పడవ తొందరగా పోతుందని లెక్క.

రేవులో నూర్పిళ్లకు పోయే ఆడవాళ్లు ఇరవై మంది నిలబడి ఉన్నారు. వాళ్ల పెద్ద మంగాయమ్మ కేకేసింది. "అల్లుడూ, మమ్మల్నీ అవతల దింపరా."

"బరువత్తా. కొండ మీంచి నడిచి పొండి."

"మేం బరువూ, పక్కన కూర్చున్న గురువు గారు దూదీనా?"

ఆడవాళ్లు నవ్వుకుంటూ గట్టు వెంట నడక సాగించారు. నూకరాజు గెడ వేస్తూ పోయాడు. సొరంగం దగ్గరికి వచ్చేసరికి గాదెల అంచులు కమానుకు టక్కున తగిలాయి. బెత్తెడు ఎత్తు ఎక్కువ. ఇన్నాళ్లూ గాదెలను కమాను కింద దూర్చింది ఉప్పు బస్తాలని అతనికి అప్పుడు వెలిగింది. తూర్పున మబ్బు లేస్తోంది. దిక్కు తోచక గురువు వైపు చూశాడు.

వీరదాసు గారు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. "తప్పు మాదేరా. ఆ రోజుల్లో ఇంకో బెత్తెడు తొలవాల్సింది."

నూకరాజు గట్టు దూకి రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు. కొండ దారి పట్టబోతున్న ఆడవాళ్లు ఆగి చూశారు.

"ఏరా అల్లుడూ, గుడి కడుతున్నావా?"

"పడవ కిందికి దిగాలత్తా. బరువు కావాలి."

ఆ మాటకు ఇరవై మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు. మంగాయమ్మ మాత్రం నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "పొద్దున మేం బరువన్నావు. ఇప్పుడు బరువు కోసం రాళ్లు మోస్తున్నావు. లోపలికి పోయాక ఆ రాళ్లు నీ కోసం గోడ తంతాయా?"

నూకరాజు చేతిలో రాయి అక్కడే ఆగిపోయింది. సొరంగంలో గెడ ఎత్తడానికి చోటు లేదు, తాడు కట్టి లాగడానికి గట్టు లేదు. పడవ అంచున వెల్లకిలా పడుకుని, కాళ్లతో గోడను తన్నుకుంటూ పోవాలి. ఒక్కడికి రెండు గంటల చాకిరీ. రాయి కింద పడేసి, వాళ్లు ఎక్కడానికి గట్టుకు బల్ల వేశాడు.

ఆడవాళ్లు మూటలతో సహా ఎక్కారు. సన్నగా ఉన్న ఆరుగురు గాదెల్లోకే దిగి కూర్చున్నారు. పడవ బుద్ధిగా నీళ్లలోకి కుంగింది. గాదెల అంచు కమాను కింద వేలెడు సందుతో దూరిపోయింది. మిగతావాళ్లు రెండు వైపులా పడుకుని, మంగాయమ్మ పాట అందుకుంటే ఆ దరువుకు గోడలు తన్నారు. గాదెల్లోని వాళ్లు లోపలి నుంచే వంత పాడారు. చీకట్లో నవ్వులు కొండంతా మోగాయి. రెండు గంటల దారి అరగంటలో తరిగిపోయింది.

గాదెలు దింపి, వడ్లు పోసి మూతలు కప్పారో లేదో చినుకు మొదలైంది. నూకరాజు తడుస్తూనే గురువు దగ్గరికి వచ్చాడు.

"పొద్దున అడిగినదానికి తమరింకా ఏమీ సెలవియ్యలేదండి."

"మీ ఇంట్లో అందరికన్నా చిన్నది ఎవరు?"

"అన్నయ్య కూతురండి. నాలుగేళ్లు."

వీరదాసు గారు చేతిలోని తొక్కలు కాలువలోకి విదిలించి, సొరంగం వైపు ఒకసారి చూశారు.

"ఇంకొన్నాళ్లు ఆగు. దాని కాళ్లూ గోడకు అందుతాయి."