గాలి తగలని మొక్కజొన్న

నూకరత్నం పెరట్లో ముప్పై మొక్కజొన్న మొక్కలు ఏపుగా పెరిగి, మొక్కకో పొత్తు వేస్తే, ఇరవై తొమ్మిదింటిలో ఒక్క గింజ కట్టలేదు. ఇంట్లో తెలివి చాలక ఇలా అయిందనుకునేరు! చోడవరం మొత్తానికి తెలివైన సంసారం తమదేనని నూకరత్నం నమ్మకం. తను, మొగుడు ఎర్నాయుడు, మరిది బంగారయ్య. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళు ఒకే కప్పు కింద ముగ్గురు ఎక్కడ దొరుకుతారు?

విత్తనం ఇచ్చింది ఆమె అక్క సూరమ్మ. వాళ్ళమ్మ ఏటేటా దాచుకుంటూ వచ్చిన తీపి మొక్కజొన్న. ఆ ఏడు సూరమ్మ చేను వరదకి పోయి, నలభై గింజలే మిగిలాయి. ఎండి ముడతలు పడ్డ ఆ గింజల్ని చెల్లెలి కొంగులో పోసి, "ఇవి పోతే ఆ తీపి మళ్ళీ మన నోటికి రాదే" అంది.

"నాకు చెప్పాలా అక్కా!"

నాటించి, రెండు మాటలు చెప్పి సూరమ్మ బస్సెక్కింది. మొలకొచ్చేదాకా ఎవరో ఒకరు దిష్టిబొమ్మలా కాపలా నిలబడాలి. పక్కింటి కనకయ్య మామూలు మొక్కజొన్న మీది గాలి దీనికి తగలకూడదు, తగిలితే తీపి పోతుంది.

అంతే. తెల్లారేసరికి బంగారయ్య చిరిగిన చొక్కా తొడిగి, నెత్తిన కుండ బోర్లించుకుని, చేతులు బార్లా చాపి మడిలో నిలబడ్డాడు. కాకులొచ్చాయి. ఒకటి అతని భుజం మీద వాలింది. మిగతావి అతని కాళ్ళ దగ్గరే పది గింజలు పెళ్ళగించుకు తిన్నాయి.

"హుష్ అనలేకపోయావా?" అని అరిచింది నూకరత్నం.

"దిష్టిబొమ్మ ఎక్కడైనా మాట్లాడుతుందా వదినా?" అన్నాడు కుండలోంచి.

నిజమే. మరిది తెలివికి ఆమెకి ముచ్చటేసింది.

మిగిలిన ముప్పై మొలిచాయి, మనిషెత్తు ఎదిగాయి. తలల మీద పూత తొంగిచూసే వేళకి గాలి లేచింది, అదీ కనకయ్య పెరటి వైపు నుంచే. ఇంకేముంది! ముగ్గురూ మూడు చేటలు పట్టుకుని గోడవార నిలబడి, వచ్చిన గాలిని వచ్చినట్టే వెనక్కి విసరసాగారు.

కనకయ్య గోడ మీంచి తల పెట్టాడు. "ఏటి నాయుడూ, ఎవర్ని తోలేస్తన్నావ్?"

"మీ గాలిని. మీది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాడు ఎర్నాయుడు.

"నాదేటి, అది అనకాపల్లి నుంచొస్తంది!"

"అయితే అనకాపల్లోళ్ళకి మీరే చెప్పండి. మాకు చేతులు ఖాళీ లేవు."

మూడోనాటికి చేతులు పడిపోయాయి. అప్పుడు నూకరత్నానికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "గాలితో మనకెందుకయ్యా? మొక్కనే కప్పేస్తే పోలా?" అంతే. దుప్పట్లు, పంచెలు, ఆఖరికి ఆమె పెళ్ళి పట్టుచీర కూడా మొక్కలకి నెత్తి నుంచి మొదలుదాకా బిగించి చుట్టి, దబ్బనంతో కుట్టేశారు. చివరి మొక్కకి గుడ్డ చాలక ఎర్నాయుడి చిల్లుల బనీను తొడిగారు. ఆ నెలంతా ఇంటిల్లిపాదీ గోనెసంచులు కప్పుకుని పడుకున్నారు.

"జొన్నకి చలిజ్వరమా?" అని అడిగాడు కనకయ్య. లోకజ్ఞానం లేనివాడని ముగ్గురూ జాలిపడ్డారు. తల మీది పూత నుంచి పుప్పొడి గాలికి రాలి పీచు మీద పడితేనే గింజ కడుతుందన్న సంగతి సూరమ్మ చెప్పలేదు. చెప్పనిది ఆ ఇంట్లో జరగదు.

కొన్నాళ్ళకి సూరమ్మ ఫోన్ చేసి, "పీచు నల్లబడితేగానీ పొత్తు కోయకండి" అంది. విప్పి చూస్తే పీచు తెల్లగా, పట్టుకుచ్చులా నిగనిగలాడుతోంది. నల్లబరచడం ఎంతసేపు? ఎర్నాయుడు తన తలకి వేసుకునే రంగు కలిపాడు. బంగారయ్య తన పళ్ళ బ్రష్ ఇచ్చాడు. మధ్యాహ్నానికల్లా ఇరవై తొమ్మిది పొత్తులకీ నల్లటి జుట్టు వచ్చింది. ముప్పయ్యో దాని దగ్గర ఎర్నాయుడు ఆగిపోయాడు.

"రత్నం, దీనికి మనం వెయ్యకుండానే నల్లబడింది!"

"రోగమొచ్చిందయ్యా. ముట్టుకోకు. బనీను కూడా తియ్యకు."

మిగతావి కోసి, అక్క చేతే ఒలిపించాలని గంపలో దాచారు.

సూరమ్మకి తీరిక దొరికేసరికి నెల దాటింది. వచ్చి ఒక పొత్తు ఒలిచింది. పళ్ళూడిన నోరు. ఇంకోటి ఒలిచింది. అదీ బోసే. గంపంతా ఒలిచి, అక్కడే కూలబడింది. "అమ్మ సొమ్ము మట్టిపాలు చేశావు కదే" అంది. నూకరత్నానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కళ్ళు తుడుచుకుంటూ సూరమ్మ పెరట్లోకి చూసింది. "ఆ బనీనేటి?"

"దాని జోలికెళ్ళకక్కా, రోగిష్టిది."

సూరమ్మ వినలేదు. బనీను చింపింది. ఎండిన పొత్తు నిండా గింజలు! ఒలిచి చేటలో పోసి వేరుచేసింది. నున్నగా ఉన్నవి పక్కకి తోసి, "ఇవి కనకయ్య జొన్న గాలివి" అంది. అచ్చం తను ఇచ్చిన విత్తనంలా ముడతలు పడ్డవి నలభై ఆరు తేలాయి. వాటిని గుప్పిట పట్టి, "ఇవి అమ్మవి" అంది.

సగం తను మూట కట్టుకుంది. మిగతా సగం చెల్లెలికి ఇవ్వడానికి చాలాసేపు తటపటాయించింది. "ఈసారన్నా కంటికి రెప్పలా చూసుకుంటావా?"

"అమ్మ మీద ఒట్టు" అంది నూకరత్నం.

గింజల్ని మూత డబ్బాలో పోసింది. రెప్ప ఏం చేస్తుంది? తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అంతే, డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తెరవడం, మూయడం మొదలెట్టింది.

"మరి నిద్రపోయేటప్పుడో?" అన్నాడు ఎర్నాయుడు.

"నిద్రలో రెప్ప మూసే ఉంటుంది కదయ్యా! ఆమాత్రం తెలీదా?"

తొలకరి పడేదాకా మెలకువగా ఉన్నంతసేపూ మూత ఆడిస్తూనే ఉండాలని నిశ్చయించుకుంది. ఒంటిచేత్తో వండింది, ఒంటిచేత్తో తిన్నది, ఆడపడుచు కూతురి పెళ్ళిలో ఒంటిచేత్తోనే అక్షింతలు వేసింది. తొలకరి పడేదాకా ఆపలేదు.