ఉప్పు లేని పులుసు

రెండు గదులు చూపిస్తాను. కళ్లు తెరిచి చూడండి.

మొదటి గదిలో నేల అద్దంలా ఉంది. ఆరు మంచాలు, ఆరు తెల్లటి దుప్పట్లు, ఒక్క ముడత లేదు. ఆరుగురు ముసలమ్మలు వెల్లకిలా పడుకుని ఉన్నారు. అందరికీ ఒకేలా పొట్టిగా కత్తిరించిన జుట్టు. ప్రతి మంచం పక్కనా బల్ల మీద తళతళలాడే గ్లాసు నిండా నీళ్లు. ఎక్కడా చప్పుడు లేదు. రెండో గదిలో గోడకి చెమ్మ మరక. కిటికీ ఊచలకి తడి చీర. ఒకామెకి ఆయా జడ అల్లుతోంది. ఇంకొకామె, "ఈ టీ ఎవరి మొహాన కొట్టడానికి తెచ్చావే?" అని అరుస్తోంది.

ఏం చూశారు? మీ అమ్మని ఏ గదిలో ఉంచుతారు? నసగకండి, చెప్పండి.

అనకాపల్లిలో మళ్ల జగ్గారావు అని ఒకాయన ఉండేవాడు. దేన్నయినా గుమ్మంలోంచి ఒక్క చూపు చూసి తేల్చిపారేయడం ఆయనకున్న జబ్బు. ఆ జబ్బు పనిలో అంటింది. ముప్పై ఎనిమిదేళ్లు బెల్లం మార్కెట్లో ఒక కొట్లో పనిచేశాడు. దిమ్మ రంగు చూసి రకం చెప్పేవాడు. "జగ్గారావు చూశాడంటే తిరుగులేదు" అనేవారు. ఆ మాట విని విని, చివరికి ఆయనా నమ్మేశాడు.

ఆయన మూడేళ్ల వాడప్పుడు తల్లి పోయింది. ఆ ఏడే పెద్దన్నకి పెళ్లయి, దేముడమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పటికి ఆమెకి పద్నాలుగేళ్లు. వచ్చిన నాటి నుంచీ మరిదిని చంకనేసుకుని పెంచింది. చెరకు తోటల్లో కూలికి పోయి చదివించింది. ప్రేమంతా చేతుల్లో, కోపమంతా నోట్లో ఉండే మనిషి. కూరలో ఉప్పు ఒక రవ్వ తగ్గిందంటే వీధి చివరి వాళ్లకి కూడా తెలిసిపోయేది. భర్త పోయాక, పిల్లలు లేరు కనుక, జగ్గారావు దగ్గరే ఉండేది.

డెబ్బై ఆరో ఏట ఆమెకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. జగ్గారావుకి నడుం నొప్పి, భార్య వరహాలుకి మోకాళ్లు. దేముడమ్మని లేపబోయి ఒకసారి ముగ్గురూ కింద పడ్డారు.

"మీ ఇద్దరి వల్లా కాదు. నర్సులున్న హోమ్‌లో పెట్టండి" అన్నాడు డాక్టరు.

"వదిననా? హోమ్‌లోనా?" అని జగ్గారావు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు దేముడమ్మే కసిరింది. "ఒరే జగ్గూ, నువ్వు నన్ను మోస్తే రేపు నిన్ను మొయ్యడానికి ఎవరున్నార్రా? మంచి చోటు చూడు, ఫో!"

ఆ రెండు గదులూ భార్యాభర్తలు ఒక్క రోజే చూశారు. మొదటిది తెల్లకలువ అనే హోమ్‌లోది. మేనేజరు టై కట్టుకుని ఎదురొచ్చాడు. "అమ్మలూ, ఎలా చూసుకుంటున్నాం?" అని అడిగాడు. "బాగా చూసుకుంటున్నారు బాబూ" అన్నారు ఆరుగురూ ఒక్క గొంతుతో. జగ్గారావు మొహం వెలిగిపోయింది.

రెండోది ఎస్తేరమ్మ అనే రిటైరైన నర్సు నడుపుతున్న హోమ్‌లోది. ఆ అరుపు వినగానే ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

"ఆగయ్యా" అంది వరహాలు. "ఆ టీ పళ్లెం చూశావా? ఒకరికి గిన్నెలో చల్లార్చారు. ఒకరికి ముక్కున్న కప్పు. ఒకరికి గాజు గ్లాసు."

"చూశాను. నాలుగు గ్లాసులు ఒకేలాంటివి కొనుక్కోలేని వాళ్లు మా వదిననేం చూస్తారు?"

"ఎవరికేం కావాలో తెలిసి పోస్తున్నారయ్యా!"

"ముప్పై ఎనిమిదేళ్లు దిమ్మల్ని చూసిన కన్నే ఇది."

"మందు కొట్టి మెరిపించిన దిమ్మని నాలిక మీద పెట్టకుండా ఎప్పుడైనా కొన్నావా?" అంది వరహాలు. ఆయన అప్పటికే ఆటో పిలిచేశాడు.

దేముడమ్మ తెల్లకలువలో చేరింది. మొదటి వారం చూడబోతే జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. "తేలిగ్గా ఉంది నాయనా" అంది. రెండో వారం, "అంతా బాగానే ఉంది నాయనా" అంది. మూడో వారమూ అదే మాట.

"చూశావా! మా వదినకి కోపం కూడా తగ్గించేశారు" అని జగ్గారావు దారి పొడుగునా మురిసిపోయాడు. ముప్పై తొమ్మిదేళ్లుగా ఆ తోటికోడలి చేత తిట్లు తిన్న మనిషి వరహాలు. ఆ తిట్టు లేకపోయేసరికి ఆమెకి భయం వేసింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం వరహాలు బెండకాయ పులుసు పట్టుకెళ్లింది. అన్నంలో కలిపి తనే ముద్దలు పెట్టింది. దేముడమ్మ గిన్నెడూ తినేసింది.

"ఎలా ఉంది అక్కా?"

"బాగుంది. చాలా బాగుంది."

వరహాలు గిన్నె అడుగున మిగిలిన పులుసు వేలితో తీసి మొగుడి నోటికి అందించింది. "నువ్వు చెప్పు."

జగ్గారావు చప్పరించాడు. "ఉప్పేదే?"

"వెయ్యలేదు. ఒక్క రవ్వ కూడా వెయ్యలేదు."

ఆయన వదిన మంచం పక్కన కూలబడ్డాడు. "వదినా! ఉప్పు లేకపోతే గిన్నె వీధిలోకి విసిరేసేదానివి కదా? ఒక్క మాటైనా అనలేదేం?"

దేముడమ్మ ముందు గుమ్మం వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇక్కడ ఏదైనా అంటే, మళ్లీ పిలిచినప్పుడు ఎవరూ రార్రా. మొదట్లో రెండుసార్లు అన్నాను. ఆ రెండు పూటలూ తడిలోనే పడున్నాను. ఊరుకోవడం అలవాటైపోయింది."

"నాతో చెప్పొచ్చు కదా!"

"నువ్వు వచ్చి నేల చూసి, అంత సంబరపడిపోతుంటే ఎలా చెప్పమంటావురా?"

ఆయన మొదటిసారి ఆ గదిని దగ్గర్నించి చూశాడు. నీళ్ల గ్లాసు కుడి పక్కన ఉంది. దేముడమ్మకి పని చెయ్యనిది ఆ చెయ్యే. ఎవరూ తాగని గ్లాసు కాబట్టే అలా మెరుస్తోంది. దుప్పటి తొలగించాడు. మడమ దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి పుండు. రోజుల తరబడి పక్కకి తిప్పకుండా పడుకోబెడితే వచ్చే పుండు అది.

ఆయన కేకకి ఆయా పరిగెత్తుకొచ్చింది. కొడతాడేమోనని గోడకి ఆనుకుంది. నిజమే, ఆయన చెయ్యి లేచింది కూడా. ఆమె ఏడుస్తూ అంది:

"ముప్పై మందికి మేం ఇద్దరమే బాబూ. మీలాంటోళ్లు వచ్చి నేల చూస్తారు, దుప్పటి చూస్తారు. మడమ ఎవరూ చూడరు. ఎవరూ చూడని పనికి మాకు టైమివ్వరు."

జగ్గారావు చెయ్యి దానంతటదే దిగిపోయింది.

మేనేజరు వచ్చాడు. "ఏంటి సార్ ఇది? ఇన్నేళ్లలో మా హోమ్ మీద ఒక్క కంప్లైంటు లేదు!"

"అదేనయ్యా నా కంప్లైంటు" అన్నాడు జగ్గారావు.

ఆ సాయంత్రమే ఎస్తేరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె వాళ్లకి గదులు చూపించలేదు. దేముడమ్మ పక్కన కుర్చీ వేసుకుని అరగంట సేపు అడుగుతూ, పుస్తకంలో రాసుకుంటూనే ఉంది. ఏ పక్కకి పడుకుంటే నిద్ర పడుతుంది? టీలో పంచదార ఎంత? జడా, ముడా? ఎవరి మీదైనా కోపమొస్తే ఏమని తిడతారు?

"తిట్లు కూడా రాసుకుంటారేటి?" అంది దేముడమ్మ.

"మా ఆయా నూకాలు ముందే నేర్చుకుని ఉంటుందమ్మా, తర్వాత కంగారు పడకుండా" అంది ఎస్తేరమ్మ.

రెండు గంటలకోసారి పక్కకి తిప్పారు. మడమ కింద మెత్త పెట్టారు. పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. దేముడమ్మ నోరు మాత్రం తొమ్మిది రోజులకే తెరుచుకుంది. పదో రోజు జగ్గారావు వెళ్లేసరికి గుమ్మం దాకా వినపడుతోంది.

"ఒసే నూకాలూ, తల దువ్వుతున్నావా, గడ్డి పీకుతున్నావా?"

"కదలకుండా కూచుంటే దువ్వుతాను, కదిలితే పీకుతాను! నీ ఇష్టం ముసలీ" అంటోంది నూకాలు.

ఇద్దరూ నవ్వుతున్నారు. జగ్గారావు గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి దేముడమ్మ ఆయన మీదికి తిరిగింది. "ఏరా, గెడ్డం గీసుకోడానికి తీరికలేదా? ఆ చొక్కా ఏంటి, ఎద్దు నమిలినట్టు?"

"తిట్టు వదినా, ఇంకా తిట్టు" అన్నాడాయన.

మురికి గొప్పదని ఇక్కడెవరూ అనడం లేదు. ఆ చెమ్మ గోడకి జగ్గారావే మేస్త్రీని తీసుకొచ్చి సిమెంటు పూయించాడు. శుభ్రం ఉండాల్సిందే. కానీ నేల తుడిచినంత మాత్రాన మనిషిని చూసుకున్నట్టు కాదు. ఆ తర్వాత ఎవరైనా హోమ్ గురించి సలహాకి వస్తే ఆయన ఇలా చెప్పేవాడు: "చెప్పకుండా వెళ్లు. ఒక పూట కూర్చో. గ్లాసు ఏ చేతి పక్కనుందో చూడు. దుప్పటి కాదు, దాని కింద మడమ చూడు. అక్కడ ముసలాళ్లు కోప్పడుతున్నారో లేదో విను. ఆ తర్వాత నీ ఇష్టం."

నీతి ఇది: నిస్సహాయుడైన మనిషి భయం లేకుండా 'ఇది బాగాలేదు' అనగలిగిన చోటే మంచి సేవ ఉన్న చోటు.

హోమ్‌ల సంగతి సరే. మీ ఇంట్లో మంచాన ఉన్న పెద్ద దిక్కు, మీరు ఏం పెట్టినా 'బాగుంది' అంటూ ఎన్నాళ్లైంది?