చలువ ముద్ర

ఎండలు మండే ఒక రాజ్యంలో, అమ్మకానికి పెట్టిన ప్రతి ఇంటికీ చలువ ఎంతో చూసి ముద్ర వెయ్యాలని రాజాజ్ఞ. ఆ పని భుజంగరాయుడనే అధికారిది. ఆయన షావుకారి రాతిమేడకు ‘ఉత్తమం’ అని వేసి, బుట్టలల్లే గంగులమ్మ పూరింటికి గడప తొక్కకుండానే ‘అధమం’ అని వేసేశాడు. ఇల్లు కొనడానికొచ్చిన రైతు ఎటూ తేల్చుకోలేక గంగులమ్మ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

ఇల్లు అమ్ముడుపోతేగాని గంగులమ్మకు గడవదు. అయినా నోరు జారలేదు.

“ఎండన పడొచ్చారు, మజ్జిగ తాగి కాస్త నడుం వాల్చండి అయ్యగారూ” అంది భుజంగరాయుడితో.

లోపల వాల్చిన నడుం పొద్దు వాలేదాకా లేవలేదు.

కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చిన ఆయన్ని అడిగింది: “షావుకారి మేడలో పట్టెమంచం ఉందిగా, అక్కడ పడుకోలేదేం అయ్యగారూ?”

“ఆ కొలిమిలో ఎవడు పడుకుంటాడే!” అన్నాడాయన ఆవులిస్తూ.

గంగులమ్మ రైతు వైపు తిరిగింది.

“ముద్ర వేసింది అయ్యగారి చెయ్యి, అన్నా. ఇప్పుడు చెప్పింది ఆయన ఒళ్ళు. ఏది నమ్ముతావో నీ ఇష్టం.”