పైచిప్ప లోపలి గాడి

వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించడం మొదలుపెట్టిన పదకొండో ఏట, ఒక గురువారం మధ్యాహ్నం, వామనమూర్తి రాజీనామా పత్రం రాసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఉదయమే ఒక విద్యార్థిని చేతిలో కపాలం పాడైంది. కపాలాన్ని రెండు అరచేతుల్లోకి ఎత్తుకోవాలి. కంటిగూళ్లలో వేళ్లు పెట్టి పట్టుకోకూడదు. అక్కడి ఎముక పూరేకంత పలచన. ఈ మాట అతడు రోజూ చెబుతాడు. రోజూ ఎవరో ఒకరు వేళ్లు పెడతారు. ఈసారి పుటుక్కుమంది. అతడు కేకలు వేయలేదు. అందుకు కూడా ఓపిక లేదని గ్రహించి, బయటికి వచ్చేశాడు.

ఉద్యోగ విరమణ చేసినా, గురువారాల్లో ఎముకల గదికి వచ్చే ఫిలోమినా గారు అతని గురువు. ఆమె ఒక పాత కపాలాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. అతడు పత్రం తీసి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

"ఏమిటి నాయనా ఇది?"

"ఇక నావల్ల కాదు మేడమ్. చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. ఇవాళ ఒకమ్మాయి కంటిగూట్లో వేలు పెట్టి కపాలం విరగ్గొట్టింది. అన్నీ మట్టిబుర్రలు. ఒక్క ముక్క ఎక్కదు."

"మట్టా! నలభై ఏళ్లుగా ఎముకనుకుంటున్నానే."

అతనికి నవ్వు రాలేదు. ఆమె పత్రం విప్పలేదు. కపాలపు పైచిప్పను విడదీసి, వెల్లకిలా అతని చేతుల్లో ఉంచారు.

"కళ్లు మూసుకో. లోపలివైపు తడుము."

కొమ్మలా చీలుతూ పోయే సన్నని గాడి ఒకటి అతని వేలికి తగిలింది.

"ఏమిటది?" అతని చదువు రోజుల్లో పరీక్షలప్పుడు విన్న గొంతే.

"రక్తనాళపు జాడ, మేడమ్. మెదడును కప్పిన పొరకు రక్తం తెచ్చే నాళం."

"నాళం ఎముకను కోసిందా?"

"లేదండి, అది మెత్తనిది. అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. ఎముకే చోటిస్తుంది."

"పసిబిడ్డ కపాలంలో కనిపిస్తుందా?"

"లీలగా. వయసుతోబాటు లోతవుతుంది."

"మంచిది. ఆ అమ్మాయి కాలేజీలో చేరి ఎన్నాళ్లయింది?"

అతడు కళ్లు తెరిచాడు.

"మూడు వారాలు, మేడమ్."

ఆమె గుడ్డ దులుపుకుని ఇంకో కపాలం అందుకున్నారు. అది దొర్లిపోకుండా, అతని పత్రాన్నే మెలితిప్పి, కుండ కింది కుదురులా చుట్టి కింద పెట్టారు.

వామనమూర్తి పైచిప్పను మళ్లీ అమర్చి, పాత కపాలాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకుని, అలసిన కాళ్లతోనే వరండాలోకి నడిచాడు. ఉదయం కపాలం విరగ్గొట్టిన పిల్ల అక్కడ గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చినట్టుంది.

"పట్టుకో అమ్మా," అన్నాడు.

ఆమె వేళ్లు తిన్నగా కంటిగూళ్ల వైపే వెళ్లాయి.

"రెండు అరచేతులు," అన్నాడతడు, మొదటిసారి చెబుతున్నట్టు.