గోడమీది జాబు

అనగనగా అనడానికి అంత పాతకథేం కాదు గానీ, ఒకానొక సంస్థానం ఉండేది. పేరు మారేడుకోట. దాన్నేలే జగదేకభూపతి గారికి బిరుదులు నలభై రెండు, ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క రాదు. రాదన్న సంగతి ఆయనకు తప్ప కోటలో అందరికీ తెలుసు. ఇంగ్లీషు కాగితం ఏది చేతికిచ్చినా అటూ ఇటూ తిప్పి, "భేష్! దొరతనం ఉట్టిపడుతోంది" అనేవారు.

ఆయనకు తగ్గ దివాను విశ్వపతి పంతులు. ఈయనకు ఇంగ్లీషు వచ్చు. ఎంత వచ్చంటే, రాసింది ఇంకొకరికి అర్థమైతే నామోషీగా ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట తంగేటివలస ఏటికి వంతెన కావాలని పట్నంలో ఉండే పెద్దదొరకు పదహారు పుటల లేఖ రాశాడు. వారం తిరక్కుండా ఎర్రలక్క ముద్రతో జవాబు వచ్చింది.

రాజుగారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. జాబును ఏనుగు మీద ఊరేగించి, బంగారు చట్రంలో బిగించి, సభామండపం గోడకు రెండు నిలువుల ఎత్తున వేలాడదీయించారు. చదవాలని ఎవరికీ తోచలేదు. "నా లేఖకు జవాబంటే పొగడ్త కాక మరేముంటుంది ప్రభూ!" అన్నాడు పంతులు. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం దానికి పూలదండ, హారతి. వంతెన మాత్రం రాలేదు. ఎందుకు రాలేదని అడిగిన నాథుడు లేడు.

అడగగలవాడు ఒక్కడుండేవాడు, ఆస్థాన విదూషకుడు అప్పలాచారి. దొరల బడిలో చదువుకున్నవాడు. నోరు ఊరుకోదు. పోయిన నెల విందులో, "ప్రభువుల బిరుదులు చదవడం పూర్తయ్యేసరికి పొంగలి చల్లారిపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు, ఒక్క రాజుగారు తప్ప. అప్పటికప్పుడు శిక్ష పడింది. శుక్రవారం శుక్రవారం నిచ్చెనెక్కి ఆ జాబుకు దండ వేయాలి. మొదటి శుక్రవారమే నిచ్చెన మీద ఆచారి చాలాసేపు ఆగిపోయాడు. దిగి వచ్చి ఎవరితోనూ ఏమీ అనలేదు. అతను నోరు మూసుకుంటే ఏదో ఉందని అనుమానించాల్సింది, కానీ ఆ కోటలో అంత ఓపిక ఎవరికుంది?

అలా ఉండగా రాజుగారికి కొత్త సరదా పుట్టింది. కచేరీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే రాయసం పనికి పట్టభద్రుణ్ణి పెట్టుకోవాలని చాటింపు వేయించారు. ముప్ఫై మంది బి.ఏ.లు వచ్చారు. తోచిన రాజకార్యం మీద పెద్దదొరకో, పొరుగు సంస్థానానికో ఒక లేఖ రాయాలి. కాగితం మీద పేరు ఉండదు, అంకె మాత్రమే. దిద్దేది పంతులు. ఆయన కొలత ప్రకారం మొదటి పుట నిండా సంబోధన ఉండాలి, పుట తిరిగేదాకా వాక్యానికి చుక్క పెట్టకూడదు, అసలు సంగతి చిట్టచివర రావాలి. రాకపోయినా ఫరవాలేదు.

మర్నాడు నిండుసభలో ఫలితాలు చెప్పారు. పందొమ్మిది పుటలు రాసినవాడికి నూటికి నూరు! ఏమడిగాడో పంతులుకే బోధపడలేదు, అంచేత అంతకు తక్కువ వేయడానికి చేతులు రాలేదు. చివరికి ఒక కాగితాన్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో ఎత్తి చూపించాడు.

"అయిదే వాక్యాలు! ఎవడయ్యా వీడు?"

వెనక వరసలోంచి బక్కపల్చటి కుర్రాడు లేచాడు. పేరు గౌరునాయుడు, ఊరు తంగేటివలస. ఏటికి ఆవలి పన్నెండు ఊళ్ళలో బి.ఏ. చదివినవాడు అతనొక్కడే. ఈ ఉద్యోగం వస్తే వంతెన కాగితం కదుపుతాడని ఆ ఊళ్ళన్నీ కాచుక్కూర్చున్నాయి.

"ఏం రాశావోయ్?" అన్నారు రాజుగారు.

"చిత్తం మహాప్రభో. మా ఏటికి వంతెన లేదు. వానాకాలం నాలుగు నెలలూ పన్నెండు ఊళ్ళకు దారి ఉండదు. రాయీ, కర్రా, మనుషులూ మేమిస్తాం. ఒక ఇంజనీరును పంపండి. పంపగలరో లేదో దసరాలోగా చెప్పండి. అంతే రాశాను బాబూ."

"పెద్దదొరకు రాసే తీరేనా ఇది? పశువుల సంతలో బేరంలా ఉంది!" అని పంతులు మండిపడ్డాడు. "సున్న!"

గౌరునాయుడి మొహం పాలిపోయింది. ఊళ్ళోవాళ్ళకు ఏం చెప్పాలా అనుకుంటూ తలవంచుకున్నాడు. ఆచారి మొహాన చిరునవ్వు పూసుకుని ముందుకొచ్చాడు.

"పంతులుగారూ, ఇంకొక కాగితం బల్ల కిందికి జారిపోయినట్టుంది. దాన్ని కూడా కటాక్షించండి" అని ఒక మడత చేతికిచ్చాడు.

పంతులు చదివాడు. చదవడానికి అట్టే సేపు పట్టలేదు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నాలుగు వాక్యాలు! సంబోధన లేదు, స్తోత్రం లేదు! వాడికంటే అధమాధముడు!"

"పోనీ, ఓ పది మార్కులు?"

"పదా? సున్న కూడా ఎక్కువే! ప్రభూ, ఇంత మొరటువాణ్ణి సంస్థానంలో ఉండనివ్వకూడదు. పొలిమేర దాటించాలి."

"దాటించండి!" అన్నారు రాజుగారు. ఆ మాట కాగితం మీదనే రాయించి, సొంత చేత్తో రాజముద్ర గుద్దారు.

ఆచారి చేతులు జోడించాడు. "ఆజ్ఞ ప్రభూ. అయితే ఆయన ఈ సభలో లేరు, పట్నంలో ఉంటారు. తీసుకురావడానికి ఎంతమంది భటులను పంపమంటారు?"

"ఎవడు వాడు?"

ఆచారి మూలనున్న నిచ్చెన తెచ్చి గోడకు ఆనించి, చకచకా ఎక్కి, దండ తొలగించి, బంగారు చట్రాన్ని కిందికి దించి పంతులు ముందు పెట్టాడు. "అది దీని నకలు. అక్షరం మార్చలేదు. సరిచూసుకోండి."

పంతులు చట్రాన్ని చూశాడు, కాగితాన్ని చూశాడు, ఆ తర్వాత ఎక్కడ చూడాలో తెలీక తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"అందులో ఏముంది?" అని అడిగారు రాజుగారు. "తెలుగులో చెప్పు."

"చిత్తం. 'మీ పదహారు పుటల లేఖ అందింది. రెండుసార్లు చదివాను. మీకేం కావాలో అర్థం కాలేదు. నాలుగు ముక్కల్లో రాయండి, వెంటనే చేయిస్తాను.' అంతే ప్రభూ."

రాజుగారు సింహాసనం మీంచి ముందుకు వంగారు. "అంటే... ఎనిమిదేళ్ళుగా మనం హారతి ఇస్తున్నది..."

"మీ లేఖ అర్థం కాలేదన్న మాటకు ప్రభూ. కర్పూరం కూడా బాగానే ఖర్చయింది."

ఇక ఆచారి తల ఎగిరిపోతుందని అందరూ అనుకున్నారు. రాజుగారి బుగ్గలు ఉబ్బాయి, మీసాలు కదిలాయి. ఒక్కసారిగా పొట్ట పట్టుకుని కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఓరి నీ ఇల్లు బంగారం కానూ! దొరగారికి సున్న వేయించి, పొలిమేర దాటించమని ముద్ర కూడా గుద్దించావటయ్యా నాచేత! ముందా కాగితం చించెయ్యి!"

ఆచారి చింపేశాడు. చేతి కంకణం ఊడదీసి రాజుగారు అతనికి తొడిగారు. రాయసం ఉద్యోగం గౌరునాయుడికి ఇచ్చారు. అతని అయిదు వాక్యాలూ ఒక్క అక్షరం కలపకుండా ఆ పూటే పట్నం పంపించారు. పంతులు సంబోధన మాత్రం కాస్త పెంచుదామని గొణిగాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

పదిహేనో రోజున ఎర్రలక్క ముద్రతో జవాబు వచ్చింది. రాజుగారు అలవాటు చొప్పున, "ఏనుగును సిద్ధం చేయండి! చట్రం తెప్పించండి!" అని కేకేశారు.

"తప్పకుండా చట్రం కట్టిద్దాం ప్రభూ" అన్నాడు ఆచారి. "కానీ ముందు గౌరునాయుణ్ణి ఒకసారి చదవనివ్వండి. ఇంజనీరు వస్తున్నాడని ఉంటే, ఏనుగును అతనికి ఎదురు పంపుదాం. తంగేటివలస చేరాలంటే ఏరు దాటాలి కదా, ఇంకా వంతెన లేదు."