మూకుట్లో మెత్తబడ్డ వేపుడు

అనగనగా రైలుగేటుకి ఇవతల ఒక చిన్న ఊళ్ళో ఒక పెంకుటిల్లు ఉండేదట. ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు, ఒకటే పొయ్యి. ఊ కొట్టు మరి! నువ్వు ఊ కొట్టకపోతే కథ ముందుకి నడవదు.

పెద్ద కోడలి పేరు పైడమ్మ. చిన్న కోడలి పేరు రత్నాలు. వాళ్ళ అత్తగారు నరసాయమ్మ. ఆవిడ కొడుకులిద్దరూ కలిసి సైకిళ్ళు బాగుచేసే కొట్టు నడిపేవాళ్ళు. పొద్దున్నే వెళ్ళి, ఎండ నడినెత్తి మీదికొచ్చే వేళకి అన్నానికి వచ్చేవాళ్ళు. అప్పుడు అందరూ వంటింట్లో ఒకే బంతిలో కూచునేవాళ్ళు. మొదటి పీట నరసాయమ్మది. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే మిగతావాళ్ళు కంచంలో చెయ్యి పెట్టేవాళ్ళు.

పప్పూ పులుసూ పైడమ్మ వండేది. వేపుళ్ళు మాత్రం రత్నాలే చెయ్యాలి. అందులోనూ బంగాళాదుంప వేపుడు! ఎలా చేసేదనుకున్నావు? దుంపలు తొక్క తీసి, చిన్న చిన్న ముక్కలు కోసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించేది. ఆ తర్వాత పాత పంచె మీద పరిచి, తడి లేకుండా ఆరనిచ్చేది. అప్పుడు ఇనప మూకుట్లో నూనె కాచి, ముక్కలు వేసి, సన్నటి సెగ మీద ఓపిగ్గా వేపేది. మూత పెట్టేది కాదు. ఊరికే కెలికేది కాదు. ముక్కల అంచులు ఎర్రబడ్డాకే ఉల్లిపాయలు వేసేది. ఉల్లిపాయ రంగు తిరిగాక ఉప్పూ కారం చల్లి దించేది. తింటుంటే ఆ కరకర పక్క పీట మీదవాళ్ళకి వినిపించాలి, అలా ఉండేదట.

"మా రత్నాలు చేతి వేపుడు తిన్నారా?" అని నరసాయమ్మ వీధంతా చెప్పుకునేది. రత్నాలుకి అంతకంటే ఏం కావాలి చెప్పు?

ఒకరోజు రత్నాలు ఎప్పటిలాగే వేపుడు దించి, పొయ్యి పక్కన పెట్టి, బిందె తీసుకుని మంచినీళ్ళ బావికి వెళ్ళింది. వచ్చి వడ్డించింది. ఆమె మొగుడు గవర్రాజు ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయాడు.

"ఏమే, ఇవాళ వేపుడు మానేసి కూర చేశావా?" అన్నాడు.

రత్నాలు ఒక ముక్క పట్టుకుని నొక్కి చూసింది. వేళ్ళ మధ్య నలిగిపోయింది. దించేటప్పుడు గరిటెకి తగిలితే చప్పుడైన ముక్క అది!

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అప్పుడు రత్నాలు మనసులో అనుమానం అనే పురుగు దూరింది. వేగినప్పుడు కరకరలాడిన ముక్క వడ్డించేసరికి మెత్తబడుతోందంటే, ఎవరో ఏదో చేస్తున్నారు. ఎవరు?

ముందు సంతలో దుంపలమ్మే అతన్ని అనుమానించింది. "నాకు నీళ్ళ దుంపలు అంటగడుతున్నావు కదూ!" అని అందరి ముందూ దులిపేసింది. పాపం అతను నోరు తెరిచేలోపే తిరిగొచ్చేసింది. ఆ తర్వాత వేరే చోట కొన్న దుంపలు తెచ్చి వేపింది. అవీ మెత్తబడ్డాయి.

అప్పుడు పక్కింటి దాలమ్మని అనుమానించింది. దాలమ్మ బాగా ముసల్ది. నోట్లో ఒక్క పన్ను లేదు. వేపుడు వాసన రాగానే గోడ దగ్గరికి వచ్చి, "ఏం వేపుతున్నావే రత్నాలూ?" అని మూకుడు వైపే చూస్తూ నిలబడేది. ఈవిడ దిష్టే తగిలింది అనుకుంది రత్నాలు. గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని మూకుడు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఇల్లంతా ఘాటు! నరసాయమ్మ దగ్గింది, పైడమ్మ దగ్గింది, పెరట్లో పిల్లి కూడా తుమ్మింది. వేపుడు మాత్రం మళ్ళీ మెత్తబడింది.

ఆ తర్వాత ఒకరోజు బావి నుంచి కాస్త తొందరగా వచ్చింది. వచ్చి చూస్తే మూకుడు మీద మూత ఉంది! తను పెట్టని మూత ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎత్తి చూసింది. మూత లోపలంతా నీటి చుక్కలు. ముక్కల మీద కూడా తడి. ఎవరో నీళ్ళు చల్లి మరీ మూత పెట్టారు!

రత్నాలు చుట్టూ చూసింది. అత్తగారు వీధి అరుగు మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పైడమ్మ పెరట్లో గిన్నెలు తోముతోంది. పైడమ్మ చీర చెంగు తడిసి ఉంది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఇంకేం కావాలి? రత్నాలుకి గుండెలో భగ్గుమంది.

అనుమానం వచ్చాక ఎదుటి మనిషి ఏం చేసినా తప్పుగానే కనిపిస్తుంది, తెలుసా? పైడమ్మ నవ్వితే నన్ను చూసే నవ్వుతోంది అనుకునేది. నవ్వకపోతే ఏదో దాస్తోంది అనుకునేది. "నీళ్ళకి నేను వెళ్ళనా రత్నాలూ?" అని అడిగితే, ఇవాళ ఇంత ప్రేమ ఎందుకొచ్చిందో అనుకునేది.

చివరికి ఒక మధ్యాహ్నం అందరూ బంతిలో కూచున్నారు. వేపుడు మళ్ళీ మెత్తగా ఉంది. గవర్రాజు ముక్కలు కంచం అంచుకి తోసేశాడు. రత్నాలు ఇంక ఊరుకోలేకపోయింది.

"అక్కా, నా వేపుడు మీద నీళ్ళు చల్లేది నువ్వేగా?" అనేసింది.

పైడమ్మ చేతిలో పప్పు గరిటె అలాగే ఆగిపోయింది. "నేనా?"

"మరి ఇంట్లో ఇంకెవరున్నారు? అత్తయ్య చల్లుతుందా?"

నరసాయమ్మ ముద్ద కలుపుతున్నదల్లా తల వంచుకుంది.

"నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో జ్వరంతో పడుకుంటే, రాత్రంతా నీ తల నా ఒళ్ళో పెట్టుకున్నాను," అంది పైడమ్మ. "ఆ మనిషినేనా ఇంత మాటంటున్నావు?" అని గరిటె గిన్నెలో పెట్టేసి, తినకుండానే వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పైడమ్మ మొగుడు బండి మీద ఇటుకలు తెచ్చి పెరట్లో దింపించాడు. ఎందుకో తెలుసా? రెండో పొయ్యి కట్టడానికి. రెండో పొయ్యి అంటే ఇల్లు రెండు ముక్కలైనట్టే కదమ్మా. రేపు పుట్టే పిల్లలు ఇటు తినాలా అటు తినాలా అని చూడాలి. పండక్కి బూరెలు కూడా రెండు మూకుళ్ళలో వేగుతాయి.

ఇటుకలు చూసేసరికి రత్నాలు, తొందరపడ్డానా అనుకుంది. కానీ అనుమానం అంత తొందరగా పోతుందా? నా కళ్ళతో నేను చూడాలి అనుకుంది.

మర్నాడు వేపుడు దించింది. బిందె తీసుకుని, అందరికీ వినిపించేలా "నీళ్ళకి వెళ్ళొస్తా!" అని అరిచి బయల్దేరింది. సందు మలుపులో బిందె దింపేసింది. ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా ఇంటి వెనక్కి తిరిగొచ్చి, కరివేపాకు చెట్టు చాటున, వంటింటి కిటికీ పక్కన నిలబడింది.

పైడమ్మ పెరట్లోనే ఉంది. ఇటుకల మీద కూచుని గోడకేసి చూస్తోంది. లేవనే లేదు.

అప్పుడు వంటింట్లో అడుగుల చప్పుడైంది. మెల్లిగా, గోడ పట్టుకుంటూ, ఎవరో వస్తున్నారు. రత్నాలు ఊపిరి బిగబట్టి చూసింది. ఎవరనుకున్నావు?

నరసాయమ్మ!

ఆవిడ అటూ ఇటూ చూసింది. చెంబులో చెయ్యి ముంచి వేపుడు మీద నీళ్ళు చిలకరించింది. నిప్పులు ఇంకా ఆరని పొయ్యి మీదకి మూకుడు జరిపి, మూత పెట్టింది.

రత్నాలుకి ముందు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరు కోడళ్ళకీ తగువు పెట్టి తమాషా చూస్తోందా ఈవిడ? వీధంతా పొగిడిన మనిషి ఇంట్లో చేసే పని ఇదా? గబగబా లోపలికి వెళ్ళి అడిగేద్దామని ఒక కాలు ముందుకి వేసింది.

అప్పుడే నరసాయమ్మ మూత తీసి, ఒక ముక్క ఊదుకుంటూ నోట్లో పెట్టుకుంది. నమల్లేదు. ఒక బుగ్గలోకి తోసింది. మొహం ముడుచుకుంది. రెండో బుగ్గలోకి తోసింది. చేత్తో దవడ పట్టుకుని అలాగే కాసేపు కూచుంది. ఆ తర్వాత ముక్క నోట్లో కరిగింది కాబోలు, కళ్ళు మూసుకుని మింగింది.

రత్నాలు లోపలికి వచ్చింది. కోపంగా రాలేదు.

"అత్తయ్యా," అంది.

నరసాయమ్మ ఉలిక్కిపడింది. చేతిలో మూత కింద పడి గలగలమంటూ దొర్లుకుంటూ పోయింది.

"ఎన్నాళ్ళయింది నొప్పి?"

నరసాయమ్మ ఏమీ దాచలేకపోయింది. "కింద పళ్ళు ఊడిపోయాయే. పైవి ఊగుతున్నాయి. నీ వేపుడు నమిలితే ప్రాణం పోతోంది," అంది చిన్న గొంతుతో.

"చెప్తే వేరే ఏదైనా చేసి పెట్టేదాన్ని కదా!"

"అదే వద్దనుకున్నాను. దాలమ్మని చూశావుగా? పళ్ళు పోయాయని గుజ్జన్నం గిన్నెలో వేసి అరుగు మీద పెట్టేస్తున్నారు. బంతిలో కూచుని ఎన్నాళ్ళయిందో దానికి. వేపుడు వాసన రాగానే గోడ దగ్గరికి ఊరికే వస్తోందనుకున్నావా? నన్నూ అలా వేరుగా కూచోబెడితే? నాకు నా కొడుకుల పక్కన కూచుని, అందరూ తినేదే తినాలని ఉందే."

"మరి అక్క మీద నింద వేస్తే మాట్లాడలేదేం?"

నరసాయమ్మ కళ్ళు తుడుచుకుంది. "చెప్దామని నోటిదాకా వచ్చింది. సిగ్గేసింది. నిన్నటి నుంచీ ముద్ద దిగట్లేదు నాకు. నువ్వూ చెప్పకే తల్లీ, ఎవరికీ చెప్పకు."

రత్నాలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చెప్పను," అంది.

మాటైతే ఇచ్చింది. ఇచ్చాక పెద్ద చిక్కొచ్చి పడింది. అత్తగారి సంగతి చెప్పకుండా అక్క దగ్గర తప్పు ఎలా ఒప్పుకోవడం?

పెరట్లోకి వెళ్ళి పైడమ్మ ముందు నిలబడింది. "అక్కా, తప్పు నాది. వేడి మీద మూత పెట్టేది నేనే. ఆవిరికి మెత్తబడుతోంది. మర్చిపోయి నిన్ను అన్నాను."

పైడమ్మ కళ్ళు చిన్నవి చేసి చూసింది. ఇప్పుడు అనుమానించడం ఆమె వంతు. "వేపుడికి మూత పెట్టొద్దని నాకు నేర్పిందే నువ్వు. నువ్వు మర్చిపోయావా? నా దగ్గర ఏదో దాస్తున్నావు."

"దాస్తున్నాను," అంది రత్నాలు. "అడక్కు అక్కా, చెప్పలేను. నిన్ను అన్న మాట మాత్రం తప్పు. అది చెప్పడానికే వచ్చాను." అంటూనే చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

పైడమ్మ లేచి, వంటింట్లోంచి ఉల్లిపాయల బుట్ట తెచ్చి రత్నాలు చేతిలో పెట్టింది.

"ఇవి తరుగు. ఎంత ఏడ్చినా ఎవరూ ఎందుకని అడగరు," అంది.

అన్నదమ్ములిద్దరూ అన్నానికి వచ్చే వేళయింది. రత్నాలు దుంపలు మళ్ళీ కోసింది. ఈసారి కొన్ని ముక్కలు బాగా చిన్నగా కోసి, వేడినీళ్ళలో ఒక ఉడుకు ఉడికించింది. మూకుడు అంచుల వెంట పెద్ద ముక్కలు ఎర్రగా వేగుతుంటే, నడి మధ్యలో ఈ మెత్తటి ముక్కలు వేసి, వాటి మీదే ఉల్లిపాయలన్నీ పోసింది. ఉల్లిపాయల తడికి మధ్యవి వెన్నలా మగ్గాయి. అంచువి మాత్రం గలగలలాడాయి. ఒకటే మూకుడు, ఒకటే వేపుడు.

అందరూ బంతిలో కూచున్నారు. నరసాయమ్మ మొదటి పీట మీద కూచుంది గానీ, కంచం వైపు బెదురుగా చూస్తోంది. రత్నాలు గరిటెతో మధ్యలోంచి తీసి ఆవిడకి వేసింది. కొడుకులకి అంచులోంచి వేసింది. నరసాయమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చిన్న కోడలి వైపు చూసింది. గబగబా తినేసింది. గవర్రాజు నోట్లో కరకర మోగింది. "ఇదీ మా ఇంటి వేపుడంటే!" అన్నాడు.

పైడమ్మ తింటూనే రత్నాలుని కనిపెడుతోంది. ఆమె అనుమానం ఇంకా తీరలేదు మరి. రత్నాలు గరిటె ఒకరికి మధ్యలోకీ, మిగతావాళ్ళకి అంచులోకీ వెళ్ళడం చూసింది. ఆ తర్వాత అత్తగారి బుగ్గలు చూసింది. ఎలా కదులుతున్నాయో చూసింది. చాలాసేపు చూసింది.

అప్పుడు నరసాయమ్మ, "ఇంకొంచెం వెయ్యండర్రా," అంది.

రత్నాలు లేవబోయింది. పైడమ్మ ఆమె చేతిలోంచి గరిటె తీసుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. మూకుడు నడి మధ్యలోకి గరిటె దించి, మెత్తటి ముక్కలే ఏరి, అత్తగారి కంచంలో నిండుగా వేసింది.

మూకుడు తోమి బోర్లించాం,
కథని కంచికి పంపించాం,
దుప్పటి మెడదాకా కప్పించాం,
నిద్దరకి మనింటి దారి చూపించాం.